రక్తం ఒకరిది, రిపోర్టు ఇంటిల్లిపాదిదీ

పుంగనూరులో తెలిసినావిడ ఒకరు ఈమధ్య ఓ చీటీ తెచ్చి చూపించారు. వాళ్లమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. చిన్నమ్మకు అండాశయ క్యాన్సర్. అది విని వేలూరు డాక్టరు బీఆర్‌సీఏ జన్యు పరీక్ష చేయించుకోమని రాశారు. చీటీ వచ్చి నాలుగు నెలలైంది, మడత నలిగిపోయింది, పరీక్ష మాత్రం కాలేదు. ఎందుకమ్మా అంటే, "మా పాపకు సంబంధాలు చూస్తా ఉండాం సార్. నా రక్తంలో ఏమన్నా ఉందని తేలితే పాపకూ ఉన్నట్టే గదా" అన్నారు.

ఆ మాట సరిగ్గా సగం నిజం. తల్లికి బీఆర్‌సీఏ జన్యువులో లోపం ఉంటే అది బిడ్డకు రావడానికి నూటికి యాభై పాళ్లు అవకాశం. బీఆర్‌సీఏ1 లోపమున్న ఆడవాళ్లలో నూటికి అరవై మందికి పైగా జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ రావచ్చు. ముందే తెలిస్తే ఏటేటా స్కానింగ్‌తో తొలిదశలోనే పట్టుకోవచ్చు. లోపం ఉండటం జబ్బు ఉండటం కాదు. కానీ ఈ తేడా పెళ్లిచూపుల్లో ఎవరు వింటారు?

పెళ్లిచూపుల దగ్గర జబ్బు భయం మనకు కొత్తేం కాదు. మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రికి వందేళ్లు దాటాయి. దేశంలో క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా 1948లో మొదలైంది మదనపల్లెలోనే. క్షయ అంటుకునే జబ్బేగానీ వంశంలో వచ్చేది కాదని డాక్టర్లు ఎంత చెప్పినా, క్షయ వచ్చిన ఇంటి పిల్లను చేసుకోవడానికి జంకిన రోజులు పెద్దవాళ్లకు గుర్తే. అప్పుడది వట్టి అపోహ. ఇప్పుడా అనుమానానికి ల్యాబ్ ముద్ర కూడా పడుతుంది.

ఇక బీమా. పరీక్షల కోసమే ఆస్పత్రిలో చేరితే ఆరోగ్య పాలసీలు మామూలుగా డబ్బివ్వవు. ఎన్టీఆర్ వైద్య సేవ క్యాన్సర్ వచ్చాక ఆదుకునేదేగానీ రాకముందు జన్యువు చూసేది కాదు. జన్యుపరమైన జబ్బులన్నిటినీ పాలసీ నుంచి గంపగుత్తగా తీసేయడం వివక్షేనని 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఆ సాకుతో క్లెయిములు తిప్పికొట్టవద్దని మరుసటి నెలలోనే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలను ఆదేశించింది. మంచిదే. అయితే అది పాలసీ చేతిలో ఉన్నవాళ్ల మాట. కొత్తగా పాలసీకి వెళ్లినవాళ్ల జన్యు రిపోర్టు చూసి ప్రీమియం పెంచకూడదని చెప్పే ప్రత్యేక చట్టం మనకు లేదు. అమెరికాలో ఆరోగ్య బీమాకూ ఉద్యోగాలకూ 2008 నుంచే అలాంటి చట్టం ఉంది. అక్కడా జీవిత బీమాను వదిలేశారు. "ముందు పాలసీ, తర్వాత పరీక్ష" అని ఏజెంట్లు చెవిలో చెప్పే సలహా పుట్టేది ఇలాంటి సందులోనే. ఆ సలహా విన్నా, ప్రపోజల్ ఫారంలో అడిగినదానికి అబద్ధం రాయొద్దు. రేపు క్లెయిము దగ్గర అదే ఉరితాడవుతుంది.

గోప్యత సంగతి ఇంకా చిక్కు. కుప్పంలో 2025లో డిజిటల్ నెర్వ్ సెంటర్ మొదలై జనం ఆరోగ్య వివరాలు కంప్యూటర్‌కు ఎక్కుతున్నాయి. బెంగళూరు, వేలూరు ఆస్పత్రుల చుట్టూ ఫైలు మోసుకు తిరిగే వాళ్లకు అది వరమే. కానీ 2023 నాటి డేటా రక్షణ చట్టం జన్యు సమాచారాన్ని విడిగా, మరింత భద్రంగా చూడమని చెప్పలేదు. సంతకం పెట్టేది ఒకరు, బయటపడేది అక్కచెల్లెళ్ల గుట్టు కూడా. అమెరికాలో 23అండ్‌మీ అనే జన్యు పరీక్షల కంపెనీలో 2023లో దొంగలు నేరుగా చొరబడింది సుమారు 14 వేల ఖాతాల్లోకే. బంధువులను చూపించే సదుపాయం వల్ల దాదాపు 69 లక్షల మంది వివరాలు పోయాయి. ఆ కంపెనీ 2025 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది.

జబ్బు రాని మనిషి జన్యు రిపోర్టును బీమా కంపెనీ అడగరాదు, వాడరాదు అని పార్లమెంటు రెండు ముక్కల్లో చట్టం చేయాలి. పుంగనూరు ఆవిడకు మాత్రం చట్టం కోసం ఆగొద్దనే చెప్పాను. ముందు జన్యు సలహాదారుతో మాట్లాడి, రిపోర్టు ఎవరెవరికి వెళ్తుందో రాతపూర్వకంగా అడిగి, ఆ తర్వాత రక్తం ఇమ్మన్నాను.

బీమా కంపెనీ నోరు చట్టం మూయిస్తుంది. సంబంధానికి వెళ్లి "మీ ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బుందా?" అని కూపీ లాగే నోరు మనదే. దాన్ని మనమే మూసుకోవాలి.