కాంపాక్ట్ పౌడర్‌పై అనుమానమా? సర్కారు ల్యాబ్‌లో మీరే పరీక్ష చేయించొచ్చు

ఒక కాంపాక్ట్ 150 రూపాయలు, ఇంకొకటి 1,500. వెనక్కి తిప్పి చూడండి. చాలాసార్లు రెండింటిలోనూ దాదాపు అవే పేర్లు: టాల్క్, మైకా, ఐరన్ ఆక్సైడ్లు, జింక్ స్టియరేట్. మరి తేడా ఎక్కడ?

చాలావరకు తయారీలో. టాల్క్ అంటే పలక మీద రాసే బలపం రాయి జాతిదే. మన అనంతపురం, కర్నూలు జిల్లాల్లోనూ దొరుకుతుంది. దాన్ని ఎంత మెత్తగా, ఎంత సమానంగా పొడి చేశారన్నది మొదటి తేడా. బరకగా ఉంటే చర్మానికి గరుకుగా తగులుతుంది. రంగును టాల్క్‌తో కలిపి బాగా నూరకపోతే ముఖం మీద చారలు పడతాయి. తర్వాత కొద్దిగా నూనె లాంటి బైండర్ కలిపి, జల్లెడ పట్టి, చిన్న లోహపు పళ్లెంలో ప్రెస్‌తో అదుముతారు. ఒత్తిడి తగ్గితే బ్యాగులోనే ముక్కలవుతుంది. మరీ ఎక్కువైతే పైన నున్నటి పొర కట్టి స్పాంజికి పౌడరే అంటదు. ఇదేదీ లేబుల్‌పై ఉండదు. అలాగని ఖరీదైనదల్లా మంచిదనుకోకండి, ఆ ధరలో డబ్బా, ప్రకటనల ఖర్చూ ఉంటుంది.

చారలు పడితే పారేస్తాం. అసలు భయం కంటికి కనిపించని మలినాలతో. భూమిలో టాల్క్ పక్కనే ఆస్బెస్టాస్ కూడా ఉండొచ్చు. ఎంత నూరినా అది పోదు. గనిని ఎంచుకోవడం, ముడిసరుకును పరీక్షించడమే మార్గం. 2019లో అమెరికా ఎఫ్‌డీఏ, క్లెయిర్స్ సంస్థ అమ్మిన కాంపాక్ట్ పౌడర్ సహా కొన్ని మేకప్ వస్తువుల్లో ఆస్బెస్టాస్ ఆనవాళ్లున్నాయని హెచ్చరించింది. ఆ ఫలితాలను సంస్థ ఒప్పుకోలేదు, సరుకును మాత్రం వెనక్కి తీసుకుంది.

మన దగ్గర 2020 కాస్మెటిక్స్ రూల్స్ ఉన్నాయి. రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలు వాడటం నిషేధం. అనుమతి ఉన్న కర్బన ఆధారిత రంగుల్లో మలినంగా అయినా పది లక్షల భాగాల్లో సీసం 20, ఆర్సెనిక్ 2 భాగాలు దాటకూడదు. దేశంలో తయారీకి రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్స్ ఇస్తుంది. విదేశీ సరుకుకు కేంద్ర సంస్థ సీడీఎస్‌సీఓ రిజిస్ట్రేషన్ కావాలి. కాబట్టి డబ్బాపై తయారీదారు చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూడండి. విదేశీదైతే రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతిదారు పేరు ఉండాలి. ఇవి లేని పౌడర్ ఫుట్‌పాత్ మీద కనిపించినా, ఆన్‌లైన్‌లో ఆఫర్లో వచ్చినా వదిలేయడమే మేలు.

ఇప్పటికే కొన్నదాని మీద అనుమానం ఉందా? 1940 ఔషధ, సౌందర్య సాధనాల చట్టం సెక్షన్ 26 కొనుగోలుదారుకే ఒక హక్కు ఇచ్చింది. నిర్ణీత ఫీజు కట్టి, మీరు కొన్న వస్తువును ప్రభుత్వ అనలిస్టుకు పరీక్షకు ఇవ్వొచ్చు. ఆయన సంతకంతో నివేదిక తీసుకోవచ్చు. ఈ సంగతి షాపువాళ్లు చెప్పరు, అధికారులూ పెద్దగా ప్రచారం చేయరు. బిల్లు, డబ్బా దాచుకోండి. అనుమానం ఎందుకొచ్చిందో దరఖాస్తులో స్పష్టంగా రాయండి. వివరాలు మీ రాష్ట్ర ఔషధ నియంత్రణ కార్యాలయంలో దొరుకుతాయి. రీఫండ్, మోసం వంటి ఫిర్యాదులకైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.