సగము పాట

“కరోనా దినములలో గడప దాటు పని లేకుండెను గదా, ఎన్ని గ్రంథములు వ్రాసితిరి?” అని మమ్ము అడుగువారు నేటికిని గలరు. 1592వ సంవత్సరమున ప్లేగు వలన లండను నాటకశాలలు మూతపడగా షేక్స్పియరు కవి కావ్యరచనకు దిగెననియు, మఱుసటి యేటనే కావ్యమొకటి అచ్చుపడెననియు వారు దృష్టాంతము చూపుదురు. నిజమే. కాని యాతని యాలుబిడ్డలు దూరమున స్ట్రాట్‌ఫర్డు పట్టణమున నుండిరి. వారి ఆకలియు జ్వరమును వ్రాతబల్ల చెంతకు వచ్చి యాతని చేయి పట్టి లాగియుండవు.

మా సంగతి వేఱు. మావారును పిల్లలిద్దఱును బడికి పోయిన పిదప దొరకు రెండు గంటల యేకాంతమే మా రచనాకాలము. 2020 మార్చి 25 మొదలు 21 దినములని చెప్పి దేశమంతయు మూసిరి. ఆ గడువు మే నెలాఖరు వఱకు సాగెను. బడి మా నట్టింటికి వచ్చెను. ఇంటనున్న ఒక్క సెల్‌ఫోనులో ప్రొద్దుట మావారు పాఠము చెప్పుటయు, మధ్యాహ్నము పిల్లలు పాఠము వినుటయు జరుగుచుండగా, మేము పోపు చిటపటలు వినబడకుండ వంటయింటి తలుపు మూసికొని యుంటిమి. ఆ యేడాది మా కలము వ్రాసినవి వెచ్చముల పట్టీలు మాత్రమే.

అయినను మమ్ము నేటికిని బాధించునది ఆ తీరిక లేమి కాదు.

మా వీథిలో ఎనుబదియేండ్లు దాటిన మామ్మగారొకరు ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాడెడివారు. లక్ష్మణస్వామి యన్నగారి వెంట అడవికేగగా, ఊర్మిళ పదునాలుగేండ్లు పాన్పుపై నిద్రించిన కథ యది. ప్రతి శుక్రవారము సాయంకాలము వారి యరుగుపై కూర్చుండి, ఆ పాటను మేము వ్రాసికొనుచుంటిమి. చిన్ననాట తండ్రిగారి యొద్ద ఛందస్సు చదువుకొన్న గర్వముచే మొదట కొన్ని మాటలను దిద్దితిమి. మామ్మగారు నవ్వి, “పాటకు నీ లెక్కలెందుకే అమ్మడూ, నేను పాడినట్టు రాయి” అనిరి. దిద్దినవన్నియు కొట్టివేసితిమి.

మార్చి 20వ తేదీ శుక్రవారమున, లక్ష్మణుడు తిరిగివచ్చి పడకటింట ప్రవేశింపగా ఊర్మిళ పరపురుషుడని భ్రమించి మందలించు ఘట్టము వఱకు పాడి, “తక్కింది వచ్చే శుక్రవారం” అనిరి. ఆ శుక్రవారము రాలేదు.

జూను 8 మొదలు ఆలయములు తెఱచిరి. 65 ఏండ్లు దాటినవారు మాత్రము ఇల్లు కదలరాదనిరి. మేము మూతికి గుడ్డ కట్టుకొని గుమ్మము వెలుపల నిలిచి కుశలమడిగితిమి. వారికి వినికిడి తక్కువ. అంత దూరమునుండి పాట సాగునా? 2021 తొలి నెలలలో భయము తగ్గెను. అపుడైనను పోవలసియుండెను. పిల్లల పరీక్షలనియు, ఆవకాయ పనులనియు, మేమే వారము వారము వాయిదా వేసితిమి. ఇంతలో రెండవసారి వ్యాధి విజృంభించెను. మన ఆంధ్రప్రదేశమున మే 5 మొదలు మధ్యాహ్నము పండ్రెండు గంటలకే కర్ఫ్యూ వచ్చెను. ఆ నెలలోనే మామ్మగారు వెళ్లిపోయిరి. మేము మా వాకిటనుండియే చేతులు జోడించితిమి.

ఆగస్టు 16న బడులు తెఱచిరి. ఇల్లు నిశ్శబ్దమాయెను. కోరుకొన్న యేకాంతము దొరకెను. పుస్తకము విప్పితిమి గాని, వ్రాయుటకు వినిపించువారేరి? మా రచనకు ఏకాంతము కన్న ఎదురింటి యరుగే ముఖ్యమని అపుడు తెలిసెను.

మామ్మగారి కోడలికి మాటలు రావు గాని వరుస వచ్చును. ఆమె కూనిరాగము తీయగా, జ్ఞప్తికి వచ్చిన నాలుగు చరణములు వ్రాసితిమి. అచ్చు పుస్తకమున ఆ పాట దొరకును గదా యందురేమో. దొరకును. మామ్మగారి పాటలో ఊర్మిళ పలుకులు అంతకన్న నిడివి. కావున అచ్చులోనిది తెచ్చి అతుకక, ఒక పుటను ఖాళీగానే యుంచితిమి.

అటుపిమ్మట ఇతరుల యిండ్లకు పోవ మొదలిడితిమి. 2022 మార్చి 31న కేంద్ర ప్రభుత్వపు నిర్బంధములు తొలగునప్పటికి నలుగురు పెద్దల నుండి పదునొకండు పాటలు చేరినవి. ప్రతి పాట క్రింద పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఎవరియొద్ద నేర్చిరో వారి పేరు, వారి యనుమతితో వ్రాయుచున్నాము. ఒకరి పాటను మఱియొకరి పాటతో సరిచేయుట లేదు. సెల్‌ఫోనులో వరుసను గూడ పట్టి యుంచుచున్నాము. మావారు శుక్రవారము సాయంకాలము కాఫీ తామే కాచుకొనుటకు ఒప్పుకొనిరి. ఆ యొప్పందము లేనిచో ఈ పని సాగదు.

సోదరీమణులారా! మీ అత్తగారికో, మేనత్తగారికో, పొరుగింటి మామ్మగారికో ఒక్క పాట వచ్చియుండును. పండుగ పోనిమ్మని యాగకుడు. కాగితము లేకున్న వెచ్చముల పట్టీ వెనుకనైన వ్రాసికొనుడు. ఈ శుక్రవారమే పొండు.