పేట నుంచి – 17: ఆఫ్‌రోడ్ ఎవరికి?



పేటలో పెరిగిన పాతతరానికి జీపు సరదా బండి కాదు. జీపు వచ్చిందంటే పోలీసులు వచ్చినట్టు, లేకపోతే రెవెన్యూ వాళ్లు వచ్చినట్టు, అదీ కాకపోతే ఎన్నికలొచ్చినట్టు. ఆ చప్పుడు వింటే మగపిల్లల్ని దొడ్డిదారిన పంపేసిన అమ్మమ్మలు మనకున్నారు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూసిన తరం అది. ఆ భయానికి వేరే వివరణ అక్కర్లేదు.

ఇప్పుడు అదే బండి శని, ఆదివారాల ఆట అయింది. థార్లు, జిమ్నీలు, రిపేరు చేయించిన పాత జీపులు పది పదిహేను వరసగా బయల్దేరతాయి. బురద దగ్గర ఆగి టైర్లలో గాలి తగ్గిస్తారు. ఫోర్‌వీల్ డ్రైవ్‌లో వేసి దింపుతారు. దిగబడితే ఇంకో బండికి తాడు కట్టి లాగుతారు. రాత్రికి టెంట్లు, మంట, పాటలు. ఏలూరు, తాడేపల్లిగూడెం కుర్రాళ్ల ఫోన్లలో ఈ వీడియోలు తెగ తిరుగుతున్నాయి. "అన్నా, మనమూ కొల్లేట్లో ఇలా ఒక క్యాంపు వేస్తే తప్పేంటి?" అని ఇద్దరు ముగ్గురు విద్యార్థులు అడిగారు. ఈ పోస్టు వాళ్ల కోసం.

ముందే చెప్తున్నా, ఆనందం మీద నాకు కోపం లేదు. బురదలో బండి నడపడం నిజంగా ఒక విద్యే. 2018 కేరళ వరదల్లో ఇలాంటి క్లబ్బుల బండ్లు మనుషుల్ని కాపాడటానికి పనికొచ్చాయి. అంతకన్నా ఎక్కువ మందిని మత్స్యకారుల పడవలు కాపాడాయి, అది వేరే సంగతి.

నా పేచీ ఆ మాట దగ్గర. ఆఫ్‌రోడ్. అంటే రోడ్డు వదిలి వెళ్లడం. వదలాలంటే ముందు రోడ్డు ఉండాలి కదా?

డెల్టాలో ఎన్నో పేటలకు ఈరోజుకీ శ్మశానానికి దారి లేదు. వానాకాలంలో మనిషి పోతే నలుగురు పాడె ఎత్తుకుని చేలగట్ల మీద, మోకాలి లోతు బురదలో నడుస్తారు. కాలు జారితే లాగడానికి తాడు లేదు, ఆ పక్కన చప్పట్లు కొట్టేవాళ్లూ లేరు. చేను ఆసామి ఒప్పుకోకపోతే పాడె రోడ్డు మీద దించి తహసీల్దారు కోసం ఎదురుచూడాలి. దారి లేకపోవడం ఒకరికి రెండ్రోజుల సరదా, ఇంకొకరికి తాతలనాటి నుంచి వచ్చిన శిక్ష. ఆదివారం సాయంత్రం బండి కడిగేసి ఇంటికి పోయేవాడికి ఈ తేడా కనపడదు. అదే బురదలో సోమవారం నాట్లకు దిగే అక్కకి కనపడుతుంది.

ఇక కొల్లేటి సంగతి. 1976లో ప్రభుత్వం సొసైటీలు పెట్టించి మత్స్యకారులకూ దళితులకూ చేపల చెరువులు ఇచ్చింది. మన దగ్గర పెట్టుబడి లేదు. లీజు పేరుతో బయటి డబ్బు దిగింది. కాగితం మీద పేరు మనది, లారీ ఎక్కిన చేప వాళ్లది. 1999లో అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో గట్లు పేల్చేశారు, పొక్లెయిన్లతో తవ్వేశారు. పెద్దవాళ్లు తట్టుకున్నారు, తర్వాత మళ్లీ చెరువులు లేచాయి. లంక గ్రామాల్లో సొసైటీ వాటా మీదే బతికినవాళ్లు మాత్రం కూలికి పోయారు, వలస పోయారు. సరస్సు బతకాలి, అందులో రెండో మాట లేదు. కానీ దాని ఖర్చు ఎవరి కంచంలోంచి తీశారో మర్చిపోకూడదు.

ఆ సరస్సు ఎండాకాలం ఎండితే అడుగు మైదానంలా కనిపిస్తుంది. బండి తోలేవాడికి అది ఖాళీ జాగా. అది ఖాళీ కాదు. నేలమీద గుడ్లు పెట్టే పిట్టలుంటాయి, గేదెల మేత ఉంటుంది, వాన పడగానే చేప ఎక్కివచ్చే కాలవ ఉంటుంది. చలికాలం ఆటపాకలో గూడబాతులు పిల్లల్ని లేపుతుంటాయి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం బయటివాళ్లు అభయారణ్యంలోకి అడుగుపెట్టాలంటే అనుమతి కావాలి. మావులు వేసుకుని బతికేవాడిని నిబంధనల పేరుతో ఆపే చెయ్యి, ఖరీదైన బండిని చూసి సెల్యూట్ కొట్టకూడదు. నేను అడిగేది అంతే.

మరి మనం విహారానికి వెళ్లకూడదా? వెళ్లాలి. 1929లో చాలీస్‌గావ్ స్టేషన్లో బాబాసాహెబ్‌ని ఎక్కించుకున్న టాంగా తోలడానికి బండివాళ్లు ఒప్పుకోలేదు. తోలడం రాని మన మనిషే పగ్గాలు పట్టాడు. బండి వంతెన మీద తగిలి బాబాసాహెబ్ రాళ్ల మీద పడ్డాడు, కాలు విరిగింది. 1934లో మిత్రులతో దౌలతాబాద్ కోట చూడటానికి వెళ్లి అక్కడి చెరువులో ముఖం కడుక్కుంటే, నీళ్లు మైలపడ్డాయని గొడవ చేశారు. చక్రమూ నీరూ రెండూ మనకి నిషేధమైన చరిత్ర ఇది. అందుకే మన పిల్లాడు స్టీరింగ్ పట్టుకుంటే నాకు గర్వమే. ఆ స్టీరింగ్ పట్టుకుని ఇంకొకరి మేతనీ గూటినీ తొక్కితే మాత్రం, మనల్ని తొక్కినవాడి పద్ధతే నేర్చుకున్నట్టు.

కొల్లేరు చూడండి. రోడ్డు ఉన్నంతవరకే బండి. ఆపైన లంక ఊరి పడవ ఎక్కండి, పడవ నడిపినవాడికి బేరమాడకుండా డబ్బులివ్వండి. బండి దిగబడితే ట్రాక్టరు తెచ్చి లాగిన కూలివాడికి ఫోటో కాదు, కూలి ఇవ్వండి.

ఇంకో పని. ఈ ఆదివారం మీ పేట నుంచి శ్మశానానికి నడవండి. ఎన్ని అడుగులు బురద, ఎవరి చేలోంచి, కాలవ మీద వంతెన ఉందా, అన్నీ రాయండి. ఫోటోలు తీయండి. సర్వే నంబరు కనుక్కోండి. సోమవారం కలెక్టరేట్లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ రసీదులు నాకు పంపితే వచ్చే భాగంలో పేటల వారీగా రాద్దాం.

జై భీమ్.