ఓడెక్కే ముందు తేదీ చూసుకోండి

సంపాదకులకు,

గత ఆదివారం మీరు వేసిన ఓడ విహార వ్యాసం బాగుంది. కానీ ‘ఓడెక్కాలంటే ఆర్నెల్ల గడువున్న పాస్‌పోర్టు తప్పనిసరి’ అన్నది సగం నిజమే. 2022 జూన్‌లో విశాఖ నుంచి చెన్నై వెళ్లిన ‘ఎంప్రెస్’ ఓడది దేశీయ ప్రయాణం. అలాంటి వాటికి పాస్‌పోర్టు అక్కర్లేదు, ప్రభుత్వ గుర్తింపు కార్డు చాలు. అదే ఓడ 2023 జూన్‌లో చెన్నై నుంచి శ్రీలంకకు బయల్దేరినప్పుడు లెక్క మారింది. అక్కడ దిగే రోజు నుంచి ఆర్నెల్లు గడువు మిగిలి ఉండాలి, టికెట్ కొన్న రోజు నుంచి కాదు.

మా బావమరిది ఈ తేడా తెలియక, నాలుగు నెలల గడువున్న పాస్‌పోర్టుతో సామాను సర్దుకుని రేవు దాకా వెళ్లి వెనక్కొచ్చాడు. గడువు తీరలేదు కదా అన్న ధీమాయే ముంచింది.

మీరు రాయని మాట ఇంకొకటి. మనం రెన్యువల్ అంటాం గానీ, దరఖాస్తులో ఉండేది ‘రీ-ఇష్యూ’. గడువుకు ఏడాది ముందే పెట్టుకోవచ్చు. పెద్దలకు 36 పేజీల పుస్తకం రుసుము 1,500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2,000. పిల్లల పాస్‌పోర్టు పదేళ్లు కాదు, సాధారణంగా ఐదేళ్లే. తల్లిదండ్రులు మరిచిపోయేది ఇదే.

విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ వచ్చాక మన జిల్లావాళ్లకూ సముద్రం దగ్గరైంది. సరదా రేవులోనే ఆగిపోకుండా, ఈ సవరణ వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విజయనగరం