గ్రామర్ వద్దు సరే, మరి 'సిన్స్' సంగతేంటి?

'గ్రామర్ లేకుండా 30 రోజుల్లో ఇంగ్లిష్'. ఒకప్పుడు అమీర్‌పేట గోడల మీద కనిపించే మాట, ఇప్పుడు రీల్స్‌లోకి వచ్చేసింది. "తెలుగు వ్యాకరణం చదివే తెలుగు మాట్లాడామా?" అని వాళ్లు అడిగితే కరెక్టే కదా అనిపిస్తుంది. కాకపోతే తెలుగు పుట్టినప్పటి నుంచీ రోజంతా చెవిలో పడింది. ఇంగ్లిష్‌కి మనమిచ్చేది మెట్రోలో అరగంట!

ఐడియా కొత్తదేం కాదు. 1979లో ఎన్.ఎస్. ప్రభు బెంగళూరులో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. స్కూలు పిల్లలకి రూల్స్ చెప్పకుండా రైళ్ల టైమ్‌టేబుల్, మ్యాపు లాంటివి ఇచ్చి జవాబులు వెతకమనేవారు. ధ్యాస పని మీద ఉంటే భాష దానంతటదే వస్తుందని ఆయన నమ్మకం. టెన్స్‌లన్నీ బట్టీపట్టి ఇంటర్వ్యూలో నోరు పెగలని మన బ్యాచ్‌లకి అలాంటి క్లాసు దొరికుంటే ఎంత బాగుండేదో.

అయితే కెనడా కథ కూడా వినండి. అక్కడ 1965 నుంచి ఇంగ్లిష్ ఇళ్ల పిల్లలకి ఫ్రెంచ్‌లోనే పాఠాలు చెప్పే స్కూళ్లు వచ్చాయి. ఏళ్ల తరబడి అలా చదివిన పిల్లలు విన్నది చక్కగా అర్థం చేసుకున్నారు, ధైర్యంగా మాట్లాడారు. క్రియల దగ్గర, ఆడ-మగ లింగాల దగ్గర తప్పులు మాత్రం పోలేదు. వినడం ఒక్కటే చాలదని మెరిల్ స్వెయిన్ అనే పరిశోధకురాలు 1985లో రాసింది అందుకే. తప్పుగా అన్నా ఎదుటివాళ్లకి అర్థమైపోతుంటే ఇక సరిచేసుకునే అవసరమేముంటుంది?

మన ఆఫీసుల్లోనూ అంతే. "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్". తెలుగులో '2022 నుంచి', 'రెండేళ్ల నుంచి' రెండిటికీ ఒక్క 'నుంచి' చాలు. ఇంగ్లిష్‌లో మొదలైన టైమ్‌కి సిన్స్, గడిచిన కాలానికి ఫర్. టీమంతా తెలుగువాళ్లే అయితే పదేళ్లయినా ఎవరూ ఆపరు. సరే, దీనివల్ల కొంపేం మునగదు. కానీ సగంలో ఉన్న పనికి 'ఐ వాజ్ టెస్టింగ్ ఇట్' అనాల్సింది 'ఐ టెస్టెడ్ ఇట్' అని చూడండి. క్లయింట్ అయిపోయిందనుకుని రిలీజ్ డేట్ పెట్టేస్తాడు. ఆ వీకెండ్ ఎవరిదో మీకే తెలుసు.

నా ఓటు మధ్యదారికే. ముందు మాట్లాడనివ్వాలి. తడబడ్డ చోట ఆపి, రెండు నిమిషాల్లో ఆ రూల్ ఒక్కటే చెప్పి, అదే వాక్యం మళ్లీ అనిపించాలి. మొదటి రోజే 12 టెన్స్‌ల చార్ట్ అక్కర్లేదు. ఫీజు కట్టేముందు డెమో క్లాసులో కావాలనే 'సిన్స్ టూ ఇయర్స్' అనండి. ట్రైనర్ "సూపర్, కంటిన్యూ" అంటే, ఇంకో డెమో చూసుకోండి.