ఆదివారానికి అర పేజీ

సంక్రాంతి ముందు మా జిల్లా పేజీ తెరిస్తే ముగ్గుల పోటీలకంటే ఎక్కువగా కనపడే వార్త డైరీ ఆవిష్కరణ. ఈ వారం పనిగట్టుకుని లెక్కపెట్టాను. తొమ్మిది ఫొటోలు! ఒక సంఘం డైరీ అధికారి చేతిలో, ఇంకో సంఘం డైరీ ప్రజాప్రతినిధి చేతిలో. అందరూ వరసగా నిలబడి, అట్ట బయటికి కనపడేట్టు గుండెకి ఆనించి పట్టుకుని, కెమెరా వంక చూస్తుంటారు. తెరిచి లోపల ఏముందో చూసే మనిషి ఒక్కడూ ఉండడు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి కలెక్టరాఫీసు మా నరసరావుపేటకే వచ్చాక, ఈ పనికి గుంటూరు దాకా పోయే శ్రమ కూడా తప్పింది. కొత్త జిల్లా వల్ల చప్పున ఒరిగిన మేలు ఏదంటే నేనైతే దీన్నే చెబుతాను.

డైరీల మీద నాకేం కోపం లేదు. ఉపాధ్యాయ సంఘాల డైరీల్లో సెలవు నిబంధనలు, జీవోలు వేస్తారు, ఏడాదంతా అక్కరకొస్తాయి. నా కోపమల్లా ఆవిష్కరించి, ఇంటికి పట్టుకెళ్ళి, బీరువాలో పెట్టి, మళ్ళీ జనవరిలో ఇంకోటి ఆవిష్కరించేవాళ్ళ మీద.

నేను డైరీ రాసే మనిషిని. మనసులోని మాటలు రాసుకునే డైరీ కాదు, పనుల డైరీ. పొద్దున ఐదున్నరకి పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు ఆ రోజు పేజీ నింపుతాను. పాలు ముందు పొంగితే ఆ రోజు ఒక పని మర్చిపోయినట్టే. మొన్న మంగళవారం పేజీ ఇదీ: కాలేజీలో నాలుగు క్లాసులు, అత్తయ్యకి బీపీ బిళ్ళలు, కరెంటు బిల్లు, చిన్నాడి ఫీజు, గురజాల ఫోను, అరిసెలకి బియ్యం నానబెట్టడం, ఈ శీర్షిక. ఏడింటికి ఐదు కొట్టేశాను. శీర్షిక మిగిలిందని మీకు తెలుస్తూనే ఉంది. రెండోది తర్వాత చెబుతాను.

మా ఇంటికొచ్చే డైరీ పురుగుమందుల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చేది. నెలకొక తెగులు రంగుల బొమ్మ. ఫిబ్రవరి పనులు చూసుకోవాలంటే ముందు నల్ల తామరపురుగు మొహం చూడాలి. 2021లో మిరప తోటల్ని ఊడ్చిపెట్టిన ఆ పురుగుని పల్నాటిలో ఎవరూ మర్చిపోలేదు, డైరీలో అచ్చేసి గుర్తుచేయక్కర్లేదు. దాన్నయినా భరిస్తాను. నేను భరించలేనిది ఆదివారం. సోమవారానికి ఒక పేజీ, మంగళవారానికి ఒక పేజీ, ఆదివారానికి మాత్రం అర పేజీ! కొన్నిట్లో అదీ లేదు, శనివారం కాళ్ళ దగ్గర నాలుగు గీతలు. ఈ పద్ధతి పెట్టినవాడు ఎవడోగాని ఆదివారం వంటింటి మొహం చూసినవాడు కాదు. దుప్పట్లు ఉతకడం, ఇడ్లీ పిండి, పిల్లల బూట్లు, బూజులు దులపడం, చుట్టాలు, మాంసం కూర, వారానికి సరిపడా కూరగాయలు, అన్నీ ఆదివారమే. నాకు తెలిసిన ఆడవాళ్ళెవరికీ ఆదివారం అర పేజీలో పట్టదు. ఏళ్ళుగా ఈ మాట కనపడిన ప్రతి కొట్టువాడితోనూ అంటున్నాను. ‘అవి శివకాశి నుంచి అట్టాగే వస్తయ్ మేడం’ అంటారు. అట్టాగే వస్తయ్ అనే మాటతోనే ఈ దేశంలో సగం పనులు ఆగిపోయి ఉన్నాయి.

‘ఫోనుండగా ఈ పుస్తకమెందుకు మేడం’ అని మా కాలేజీలో కొత్తగా చేరిన కుర్ర లెక్చరర్ నవ్వుతాడు. అతని ఫోను ప్రతి పనికీ గంట కొడుతుంది. అతను గంట నొక్కేసి మళ్ళీ మాటల్లో పడతాడు. ఫోనులో పని గుర్తుచేసే గంటా, పెళ్ళి ఫొటోల గంటా, లోను ఇస్తామనేవాళ్ళ గంటా ఒకటే మోత. డైరీకి నోరు లేదు. అందుకే దాన్ని మనమే తెరవాలి, తెరిస్తే వేరేదేం కనపడదు.

శాస్త్రం కూడా నా వైపే ఉంది. బస్టాండు దగ్గర టిఫిన్ హోటల్లో సర్వరు ఆరు బల్లల వాళ్ళు చెప్పింది కాగితం లేకుండా మోసుకెళ్ళి, ఎవరి నెయ్యి కారం దోసె వాళ్ళ ముందే పెడతాడు. డబ్బులు కట్టి బయటికొచ్చాక, నేనేం తిన్నానో చెప్పమంటే తెల్లమొహం వేస్తాడు. 1927లో బ్లూమా జైగార్నిక్ అనే ఆవిడ బెర్లిన్‌లో చూపించింది ఇదే: సగంలో ఆగిన పని బుర్రలో మెదులుతూనే ఉంటుంది, అయిపోయిన పని జారిపోతుంది. 2011లో మసికాంపో, బామీస్టర్ అనే ఇద్దరు అమెరికావాళ్ళు ఇంకో మెట్టు ఎక్కారు. పని పూర్తిచేయక్కర్లేదు, ఎప్పుడు ఎలా చేయాలో పథకం వేసుకుంటే చాలు, ఆ మెదలడం ఆగుతుందన్నారు. రాత్రి రెండింటికి ఫీజు గుర్తొచ్చి లేచి కూర్చునేవాళ్ళకి ఇంతకంటే మంచి మందు లేదు. టైపు కొట్టిన విద్యార్థులకంటే చేత్తో రాసుకున్నవాళ్ళకి పాఠం బాగా అర్థమైందని 2014లో ఇంకో పరిశోధన వచ్చింది. తర్వాత దాన్నే మళ్ళీ చేసి చూసినవాళ్ళకి అంత తేడా కనపడలేదు. అది నా వాదానికి పనికిరాదు కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నా.

ఇది దిగుమతి సరుకేమో అనుకునేవాళ్ళకి ఒక మాట. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చేదాకా కాశీయాత్ర మజిలీ మజిలీకీ రాసుకున్నాడు. వెంట వందమంది దాకా పరివారం. ఏ ఊళ్ళో ఏం దొరుకుతుందో, దారి ఎలా ఉందో రాసిపెట్టుకోకుండా అంతమందిని నడిపించడం నోటిమాటతో అయ్యే పనా? మన వ్యాపారస్తుల ఇళ్ళల్లో చిట్టా, ఆవర్జా ఉండేవి. రోజు పద్దు చిట్టాలో పడాలి, చిట్టాలోంచి ఆవర్జాకి ఎక్కాలి.

వాటన్నిటికంటే నేను నమ్మేది మా అత్తయ్య గోడ క్యాలెండరు. మేకుకి దారం కట్టి పెన్సిలు ముక్క వేలాడుతుంటుంది. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం పోగా గడిలో మిగిలే కాస్త చోటులోనే ఆవిడ సంసారమంతా ఉంటుంది. పాలు పోయించుకోని రోజుకి ఇంటూ మార్కు. గ్యాసు మార్చిన రోజు ‘బండ’. డిసెంబరులో ఒక గడిలో ‘బండ’ కింద చిన్నగా ‘34 రోజులొచ్చింది’ అని ఉంది. దాని పక్కనే వర్జ్యం మీదుగా ‘పెద్దమ్మాయి ఫోను చెయ్యలా’. ఫోనులో రాసుకోవచ్చుగా అత్తయ్యా అని ఒకసారి అన్నాను. ‘ఫోనులో రాస్తే ఫోను తీసినోళ్ళకే కనపడిద్ది. గోడమీద రాస్తే ఇంట్లో అందరికీ కనపడిద్ది’ అంది. బెర్లిన్ దాకా పోయి నేను తెచ్చిన సాక్ష్యాలకంటే ఇది గట్టిది. పెద్దమ్మాయి ఆమధ్య వచ్చి ఆ గడి చూసింది. ఇప్పుడు రోజూ ఫోను చేస్తోంది.

అయితే డైరీ ఎంత శ్రద్ధగా రాసినా, అవతలివాళ్ళు చెప్పిన రోజుకి రాకపోతే ఏం చేయాలి? మా పుట్టింటి పొలం గురజాల దగ్గర, సాగర్ కుడికాలువ కింద. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. ఆ రెండు తేదీలూ నాకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. ఈ విడతలో నీళ్ళు ఏ రోజు కట్టేస్తారు, మళ్ళీ ఏ రోజు వదులుతారు, ఆ తేదీలు మాత్రం ఎవర్నడిగినా రావు. ఎగువన శ్రీశైలం నిండాలి, సాగర్ నీటిమట్టం 590 అడుగుల వైపు కదలాలి, వాన ఎవడి చేతిలోనూ లేదు, ఒప్పుకుంటాను. నీళ్ళున్న ఏడు కూడా ఎందుకు చెప్పరు? మంగళవారం పొలం చేసే పెద్దాయనకి ఫోను చేశాను. ‘వారబందీ అంటన్నారమ్మాయ్, ఏ వారమో చెప్పట్లా. జొన్నకి ఇంకో తడి కావాలి’ అన్నాడు. వారబందీ అంటే వంతులవారీగా నీళ్ళివ్వడం. ఆయనకీ పురుగుమందుల కొట్టువాళ్ళు డైరీ ఇచ్చారు. అందులో ఏ పేజీ మీద రాసుకోవాలి ఆ తడిని? కుడికాలువ కింద 11 లక్షల ఎకరాలకి పైబడి ఆయకట్టు ఉంది. అంతమంది పనుల పుస్తకం ఒక గేటు దగ్గర ఆగిపోయి ఉంటే, వేళకి పనిచేయడం నేర్చుకోండని రైతుకి సదస్సులు పెడతారు.

మంగళవారం కొట్టేయలేకపోయిన రెండో పని అదే, ‘గురజాల ఫోను’. ఫోనయితే చేశాను, పని కాలేదు. దాని కింద ఇంకో మాట కూడా ఉంది: సర్వేయరు. గట్టు కొలవాలని ఒక ఆఫీసులో అర్జీ పెట్టుకున్నాం. సోమవారం వస్తానన్నారు. ఏ సోమవారమో అడగడం మా తప్పే. ఇలా మిగిలిపోయే పనుల సంగతికొస్తే, న్యూయార్కులో రైడర్ కారోల్ అనే ఆయన ఉన్నాడు, కంప్యూటర్ తెరలకి రూపాలు దిద్దడం ఆయన వృత్తి. తన పనులు మాత్రం నోటుపుస్తకంలో రాసుకుంటూ, 2013లో ఆ పద్ధతిని లోకానికి చెప్పాడు. మిగిలిన పనిని నెలాఖరున మళ్ళీ చేత్తో ఎత్తిరాయమంటాడు. ఎత్తిరాయడానికి చెయ్యి నొప్పెడితే ఆ పని అంత ముఖ్యం కాదని అర్థమట. ‘సర్వేయరు’ని నేను అక్టోబరు నుంచి పదకొండుసార్లు ఎత్తిరాశాను. చెయ్యి నొప్పెడుతూనే ఉంది, గట్టు జరుగుతూనే ఉంది. పాత డైరీ ఆఖరి పేజీలోంచి తెచ్చి కొత్త డైరీలో మొదటి పేజీలో దించాను, జనవరి ఒకటిన, ఆకుపచ్చ సిరాతో.

నిన్న రాత్రి ఆ తొమ్మిది ఫొటోలు మళ్ళీ ముందేసుకుని చూస్తుంటే, ఐదోదాంట్లో, వెనక వరసలో, ఎడమ నుంచి మూడో మనిషి ఆ సర్వేయరే. ఆయన చేతిలోనూ డైరీ ఉంది, అట్ట బయటికి కనపడేట్టు.