ఫోన్‌లోకి మారుతున్న ప్రభుత్వ సేవలపై గ్రామసభ తీర్మానం

విషయం: ప్రభుత్వ సేవలు ఫోన్‌లోకి వస్తున్న ఈ సమయంలో ఊళ్లో ఏ ఒక్కరి హక్కూ జారిపోకుండా చూడడం గురించి.

సర్పంచి అధ్యక్షతన సమావేశమైన ఈ గ్రామసభ పై విషయాన్ని చర్చించి కింది తీర్మానం చేసింది.

2001లో హైదరాబాద్‌లో ఈ-సేవ కేంద్రాలు తెరిచాక కరెంటు బిల్లు కట్టే కష్టం తగ్గింది. 2011లో మీసేవ వచ్చి, డిజిటల్ సంతకంతో సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలైంది. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు ఆరంభమై, దరఖాస్తు పెట్టే చోటు ఊళ్లోకే వచ్చింది. 2025 జనవరి 30న ప్రభుత్వ సేవలను ఫోన్‌లోనే అందించే ‘మన మిత్ర’ 161 సేవలతో వాట్సాప్‌లో ప్రారంభమైంది. వీటన్నిటివల్లా ప్రజలకు మేలు జరిగిందని ఈ సభ మనస్ఫూర్తిగా గుర్తిస్తోంది. ఒక్క అడంగల్ నకలు కోసం కూలి పోగొట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన రోజులు మళ్లీ రాకూడదు. ఈ మార్పు వెనక్కి పోవాలని సభలో ఎవరూ కోరలేదు.

ఎక్కువసేపు చర్చ జరిగింది ఓటీపీ మీద. చాలా ఇళ్లలో ఆధార్‌కు జతచేసిన నంబరు కొడుకుదో అల్లుడిదో అయి ఉంటుంది. తల్లి సచివాలయంలో కూర్చుంటే ఓటీపీ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డ్యూటీలో ఉన్న కొడుక్కి వెళ్తుంది. అతను చూసి చెప్పేలోపు గడువు దాటిపోతుంది. కొందరి నంబర్లు రీఛార్జి లేక రద్దయి, పరాయివాళ్ల చేతుల్లోకి పోయాయి. నంబరు మార్పించుకుందామని ఆధార్ కేంద్రానికి వెళ్తే అక్కడా వేలిముద్రే అడుగుతారు. మిరపకాయలు కోసే చేతులకు, సిమెంటు కలిపే చేతులకు వేలిరేఖలు అరిగిపోతాయి. జీవితమంతా కష్టపడిన చేతిని యంత్రం గుర్తుపట్టలేదని ఆ మనిషికి రావలసిన రేషను బియ్యం ఆపడం అన్యాయమని ఈ సభ గట్టిగా చెబుతోంది.

ధ్రువీకరణ కుదరనంత మాత్రాన అర్హులెవరికీ ప్రయోజనం నిరాకరించబోమని అటార్నీ జనరల్ చెప్పిన మాట, ఆధార్ కేసులో 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో నమోదై ఉంది. ఆ మాట రేషను డిపో దాకా రావాలి.

కాబట్టి ఈ సభ తీర్మానించిందేమంటే, ఏ సేవ ఫోన్‌లోకి మారినా అదే సేవకు సచివాలయంలో కాగితం మీద దరఖాస్తు తీసుకోవడం కొనసాగించాలి. రుసుములోగాని, గడువులోగాని తేడా చూపరాదు. వేలిముద్ర పడకపోతే కంటిపాపతోనో ముఖంతోనో ప్రయత్నించాలి. అదీ కుదరకపోతే పంచాయతీ కార్యదర్శి లేదా వీఆర్వో గుర్తింపు మీద ఆ రోజే పని జరగాలి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణాన్ని, తిరస్కరించిన అధికారి హోదాను తెలుగులో రాసి చేతికివ్వాలి. “సిస్టమ్ తీసుకోవడం లేదు” అన్నది కారణం కింద చెల్లదు. సిస్టమ్‌కు బాధ్యత వహించే అధికారి ఎవరో ప్రజలకు తెలియాలి.

కొత్త యాప్ తెచ్చేటప్పుడు పాత పద్ధతిని కనీసం మూడు నెలలు పక్కనే నడపాలని, సిబ్బందికి ముందుగానే శిక్షణ ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరడమైనది. సర్వర్ పనిచేయని రోజు జనం కోపమంతా భరిస్తున్నది సచివాలయంలోని డిజిటల్ అసిస్టెంటే. ఆ ఉద్యోగి చేతిలో లేని తప్పుకు ఆ ఉద్యోగిని నిందించడం ఈ సభకు సమ్మతం కాదు.

ఆధార్ నంబరు మార్పు శిబిరం ఊళ్లోనే పెట్టాలని కోరుతూ, అందుకు గది, కరెంటు, తాగునీరు పంచాయతీ తరఫున సమకూర్చడానికి తీర్మానించడమైనది. పింఛను ఆగిపోతుందని భయపెట్టి ఓటీపీ అడిగే దొంగ ఫోన్ల గురించి వారం వారం మైకులో చెప్పించాలి.

ఈ తీర్మానం ప్రతులను ఎంపీడీఓకు, తహసీల్దారుకు, జిల్లా కలెక్టరుకు పంపి, వచ్చిన జవాబులను వచ్చే గ్రామసభలో చదివి వినిపించవలసిందిగా పంచాయతీ కార్యదర్శిని కోరడమైనది.

ప్రతిపాదించినవారు: గ్రామైక్య సంఘం అధ్యక్షురాలు
బలపరిచినవారు: రెండో వార్డు సభ్యుడు
సభ ఏకగ్రీవంగా ఆమోదించింది.